నిమిషానికి ఎన్ని చుట్లు? ప్రొద్దుటూరు పాలక్యాను నుంచి మెక్సికో సైకిల్ ట్రాక్ దాకా

ఈరోజు ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, రాజులు లేరు. గండికోట పేరు వస్తుంది గానీ కోట గురించి మాట్లాడను, అది వేరే వీడియోలో చేశాం. ఈరోజు చరిత్ర అంతా ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. సైకిల్ తొక్కేటప్పుడు మీ కుడికాలు నిమిషానికి ఎన్నిసార్లు కిందికి వస్తుంది? దాన్నే క్యాడెన్స్ అంటారు. తెలుగులో చెప్పాలంటే తొక్కుడు లయ. నేను మాత్రం "చుట్లు" అంటా, మా ఇంట్లో అలాగే అలవాటైపోయింది.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈ అంకె మీద నాకు ఇంత పిచ్చి ఎందుకో అర్థం కాదు.

మాది జమ్మలమడుగు దారిలో ఒక పల్లె. ప్రొద్దుటూరుకు పద్నాలుగు కిలోమీటర్లు. డిగ్రీ రెండో సంవత్సరంలో గేర్ సైకిల్ కొన్నా, ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు. కొన్న రోజు నుంచి గేరు 3-7 మీదనే ఉంది. అంటే అన్నింటికంటే బరువైన గేరు. ఎందుకంటే దాని మీద తొక్కితే స్పీడ్ వస్తుంది, స్పీడ్ వస్తే యాప్‌లో స్క్రీన్‌షాట్ బాగుంటుంది. అంతే కారణం, దాచిపెట్టేదేం లేదు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడ పెన్నా దాటి ముద్దనూరు, ముద్దనూరు నుంచి పులివెందుల. ఆదివారం ఆదివారం అదే నా ట్రైనింగ్ రైడ్. ఎత్తు వచ్చినా గేరు మార్చను. మార్చితే ఓడిపోయినట్టు లెక్క.

మ్యాప్‌లో ఆ దారి ఎత్తు చూడండి. ప్రొద్దుటూరు సముద్రమట్టానికి సుమారు 158 మీటర్లు, పులివెందుల సుమారు 270. అంటే మొత్తం మీద నూరు మీటర్లకు పైగా ఎక్కాలి. కొండల్లో తొక్కేవాళ్ళకు ఇది నవ్వులాట. కానీ ముద్దనూరు దాటాక ఆ మెట్టల్లో, మే నెలలో, 3-7 గేరు మీద, నిలబడి తొక్కుతూ పోతే నవ్వు రాదు. నాలుగు నెలలకు మోకాలి చిప్ప వెనక నొప్పి పట్టుకుంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఫిజియో దగ్గరికి పోతే ఆయన ఎక్స్‌రే కంటే ముందు అడిగిన ప్రశ్న ఒకటే: "నిమిషానికి ఎన్నిసార్లు తొక్కుతావు?" నాకు తెలీదు. ఎవరికి తెలుస్తుంది? మీకు తెలుసా?

ఇంటికొచ్చి లెక్కపెట్టా. చదును రోడ్డు మీద 52, 55. ఎత్తు మీద 38. నలభై కూడా లేదు.

మా జేజినాయన అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తా ఉన్నాడు. "ఏం లెక్కపెడతాండావు అబ్బోడా?" అన్నాడు. చెప్పా. "నేను ఎన్ని తొక్కేవాణ్ణో ఎవురన్నా లెక్కపెట్టినారా?" అని నవ్వినాడు. ఆ రోజు సాయంత్రం ఆయన హెర్క్యులస్ సైకిల్ బయటికి తీయించి, వీధి చివరి దాకా తొక్కించి, నేను వెనకాల నడుస్తూ లెక్కపెట్టా. 52. మళ్ళీ తొక్కించా. 52. మూడోసారి 51. డెబ్బై ఐదేళ్ళ మనిషి, గడియారం పెట్టినట్టు.

ఆయన ముప్పై ఏళ్ళు ప్రొద్దుటూరు హోటళ్ళకు పాలు పోసినాడు. క్యారియర్‌కు అటొక క్యాన్, ఇటొక క్యాన్. క్యాన్‌లో శుభ్రమైన వరిగడ్డి చుట్ట వేసేవాడు, పాలు ఎగిరి మూత సందులోంచి కారకుండా. గడ్డి వేసినా, తొక్కుడు కుదురుగా లేకపోతే పాలు తొణుకుతాయి. జోరుగా ఒక తొక్కు, నింపాదిగా ఒక తొక్కు వేస్తే సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది, క్యాన్లు కూడా ఊగుతాయి. హోటల్లో కొలత తగ్గితే డబ్బులు తగ్గుతాయి. కాబట్టి ఆయనకు లయ నేర్పింది కోచ్ కాదు, పాలు.

నేను సైకిల్‌ను బోర్లా వేసి పళ్ళు లెక్కపెట్టా. ముందు 44, వెనక 18. ఒక్క చుట్టుకు వెనకచక్రం 2.44 సార్లు తిరుగుతుంది. చక్రం 28 అంగుళాలు, చుట్టుకొలత 2.23 మీటర్లు. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 52 చుట్లు అంటే గంటకు 17 కిలోమీటర్లు. పద్నాలుగు కిలోమీటర్లకు 50 నిమిషాలు. జేజినాయన్ని అడిగితే, "కోడి కూసినాక బయలుదేరితే ముక్కాలు గంట, ఇంగ రవ్వ పైన" అన్నాడు. లెక్క సరిపోయింది. పోవడానికి 2,500 చుట్లు, రావడానికి 2,500. ముప్పై ఏళ్ళు. మోకాలి నొప్పి లేదు. నాకు నాలుగు నెలలకే వచ్చింది.

సరే, ఇప్పుడు వెనక్కి పోదాం. ఈ 44, 18 అనే పళ్ళ లెక్క ఎక్కడిది?

1870ల్లో ఇంగ్లండులో సైకిల్ అంటే ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం. మ్యూజియం ఫొటోల్లో చూసే ఉంటారు. దానికి చైన్ లేదు. పెడల్ నేరుగా ముందు చక్రం ఇరుసుకే బిగించి ఉంటుంది. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, అంతే. మరి స్పీడ్ కావాలంటే? రెండే దారులు: కాళ్ళు జోరుగా ఆడించాలి, లేదా చక్రం పెద్దది చేయాలి. కాళ్ళు ఎంతని ఆడతాయి? అందుకే చక్రం పెంచుకుంటూ పోయారు. కానీ చక్రానికి హద్దు మీ కాలి పొడుగు. మామూలు మనిషికి 50, 52 అంగుళాలు దాటితే పెడల్ అందదు. చూడండి, ఆ వింత సైకిల్ ఆకారం వెనక ఉన్నది ఫ్యాషన్ కాదు. మనిషి కాలు నిమిషానికి ఇన్నిసార్లే సుఖంగా తిరుగుతుంది అనే లెక్కకు ఇనుముతో చెప్పిన జవాబు అది.

1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిల్ తెచ్చాడు. రెండు చక్రాలు దాదాపు ఒకే సైజు, మధ్యలో చైన్, ముందు పెద్ద పళ్ళచక్రం, వెనక చిన్నది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. చైన్ రాగానే కాలి పొడుగుకూ స్పీడ్‌కూ ఉన్న ముడి తెగిపోయింది. అయినా పాత అలవాటు పోలేదు. ఇప్పటికీ ఇంగ్లీషు వాళ్ళు గేరును అంగుళాల్లో చెప్తారు, అంటే మీ గేరు ఎంత పెద్ద పాత చక్రానికి సమానం అని. మా జేజినాయన హెర్క్యులస్ లెక్క వేస్తే 68 అంగుళాలు. అంటే ఐదడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు చక్రం మీద కూర్చుని పాలు పోసినట్టు! ఈ మాట ఆయనతో అంటే, "పడితే పాలన్నీ పోవూ?" అన్నాడు. ఆయన బాధ ఆయనది.

ఇక మన దగ్గరికి సైకిల్ వచ్చిన తీరు. మొదట్లో ఇంగ్లండు నుంచి ఓడల్లో రాలీ, హంబర్, బీఎస్‌ఏ లాంటి సైకిళ్ళు మద్రాసు రేవుకు వచ్చేవి. కడప అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. చాలా ఊళ్ళలో సైకిల్‌కు మున్సిపాలిటీ పన్ను, దానికొక బిళ్ళ, రాత్రి దీపం లేకపోతే జరిమానా. ఇప్పుడు కారుకు ఉన్నంత హడావిడి. స్వతంత్రం వచ్చాక మన దేశంలోనే తయారీ పెరిగింది: 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో. హెర్క్యులస్ మన దగ్గర తయారైంది ఈ టీఐలోనే. అన్నీ దాదాపు ఒకే మూస. బరువైన ఫ్రేము, 28 అంగుళాల చక్రం, ఒకే ఒక్క గేరు.

ఆ ఒక్క గేరే ఇక్కడ అసలు విషయం. ఆ గేరు ఎటూ కాని గేరు అని మనం అనుకుంటాం. కాదు. చదును నేల మీద, మామూలు మనిషి, బరువు వేసుకుని, గంటల తరబడి తొక్కడానికి కుదిరిన గేరు అది. నిమిషానికి 50, 60 చుట్ల మధ్య మిమ్మల్ని కూర్చోబెడుతుంది. 60 చుట్లకు గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. అంతకంటే జోరుగా పోవాలంటే కాళ్ళు గిలగిలలాడతాయి, ఎత్తు వస్తే దిగి తోయాలి. దిగి తోయడంలో మా పెద్దోళ్ళకు నామోషీ లేదు. నాకు గేరు మార్చడమే నామోషీగా ఉండె! వాళ్ళ మోకాళ్ళు మిగలడానికి ఇదొక కారణం అని నా అనుమానం.

గేరు మార్చడం నామోషీ అనుకున్న మొదటి మనిషిని నేనే అనుకునేవాణ్ణి. కాదు. ఫ్రాన్స్‌లో ఇంతకంటే పెద్ద గొడవ జరిగింది.

సెంట్-ఎటియెన్ అనే ఊళ్ళో పాల్ ద వివీ అని ఒకాయన, కలం పేరు వెలోసియో. సైకిల్ పత్రిక నడిపేవాడు. రోడ్డు మారుతుంది, గాలి మారుతుంది, కాబట్టి గేరు మారాలి, కాలు మాత్రం ఒకే లయలో ఉండాలి అనేది ఆయన పట్టు. అవతల హెన్రీ డెగ్రాంజ్, 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టినాయన. ఆయనకు గేర్లంటే మంట. గేరు మార్పిడి నలభై ఐదేళ్ళు దాటినవాళ్ళకు, మగోళ్ళు కండబలంతో గెలవాలి అనే ధోరణి. 1902లో ఒక పోటీ పెట్టారు. ఒకే గేరు సైకిల్ మీద ఎడ్వర్డ్ ఫిషర్ అనే పేరున్న రేసర్, మూడు గేర్ల సైకిల్ మీద మార్త్ ఎస్ అనే మహిళ. గేర్ల సైకిల్‌దే పైచేయి అయింది. డెగ్రాంజ్ మారాడా? లేదు. టూర్‌లో గేరు మార్చే డెరైలర్‌కు అనుమతి వచ్చింది 1937లో. అప్పటిదాకా రేసర్లు వెనకచక్రానికి రెండు వైపులా రెండు సైజుల పళ్ళచక్రాలు పెట్టుకుని, కొండ రాగానే దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా. ఒక మనిషి మొండితనం వల్ల. ఈ కథ చదివిన రోజు నేను 3-7 నుంచి దిగిపోయా.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. హవర్ రికార్డ్ అని ఒకటుంది. ఒక గంటలో ట్రాక్ మీద ఎంత దూరం పోతావు అనేది పోటీ. గేరు మార్చడానికి లేదు, ఫ్రీవీల్ లేదు, కాలు ఆపడానికి లేదు. తొక్కుడు లయకు ఇంతకంటే నిక్కమైన పరీక్ష లేదు. 1942లో మిలాన్‌లో ఇటలీ రేసర్ ఫౌస్తో కొప్పి 45 కిలోమీటర్ల పైచిలుకు తొక్కాడు. గేరు 52కు 15. లెక్క వేస్తే నిమిషానికి 103 చుట్లు. 1972 అక్టోబర్ 25న మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ 49.431 కిలోమీటర్లు. గేరు 52కు 14. నిమిషానికి 104. 2015లో లండన్‌లో బ్రాడ్లీ విగిన్స్ 54.526 కిలోమీటర్లు, గేరు 58కు 14. 105 దగ్గర. 2022లో ఫిలిప్పో గన్నా 56.792 కిలోమీటర్లు, గేరు 65కు 14. ఇది మాత్రం కొంచెం తగ్గి 96, 97.

చూశారా? ఎనభై ఏళ్ళలో సైకిల్ మారింది, బట్టలు మారాయి, హెల్మెట్ మారింది, గేరు పెద్దదైంది. దూరం పదకొండు కిలోమీటర్లు పెరిగింది. కాలి లయ మాత్రం దాదాపు నూరు దగ్గరే కూర్చుంది. పెద్ద చక్రం కాలంలో ఇనుము ఒప్పుకున్న సంగతే ఇది కూడా: యంత్రాన్ని ఎంతైనా మార్చు, కాలు తన అంకె వదలదు.

అయితే అందరూ నూరు తొక్కాలా? యూట్యూబ్‌లో సైకిల్ వీడియోలు చూస్తే "తొంభై, తొంభై" అని మంత్రం చదువుతుంటారు. నేనూ నమ్మా. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ 90కి పెట్టి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని జమ్మలమడుగు రోడ్డు ఎక్కా. సీటు మీద ఎగిరెగిరి పడ్డా. ఐదు కిలోమీటర్లకు గుండె దడ. తొంభై తొక్కినా బాధే, నలభై తొక్కినా బాధే. మరి నిజం ఎక్కడుంది?

శాస్త్రవేత్తలు దీన్ని నూరేళ్ళ నుంచి తవ్వుతున్నారు. 1913లో అమెరికాలో బెనెడిక్ట్, క్యాథ్‌కార్ట్ అనే ఇద్దరు ఒక ప్రొఫెషనల్ సైకిల్ రేసర్‌ను కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి, ఆయన పీల్చే గాలి కొలిచారు. లయ పెరిగేకొద్దీ శక్తి వృథా పెరుగుతోందని తేలింది. 1929లో ఇంగ్లండులో సిల్వియా డికిన్సన్ అనే పరిశోధకురాలు కొలిస్తే, తక్కువ ఖర్చుతో ఎక్కువ పని జరిగేది నిమిషానికి 33 చుట్ల దగ్గర అని వచ్చింది. ముప్పై మూడే! అంటే ఊపిరి లెక్క ప్రకారం మా జేజినాయన కూడా జోరుగా తొక్కినట్టే. మళ్ళీ 1981లో అమెరికాలో రేసర్లను పిలిచి కొలిస్తే, వాళ్ళకై వాళ్ళు ఎంచుకునే లయ సగటున 91 అని తేలింది.

ఇది ఎలా కుదురుతుంది? ఇక్కడ రెండు ఖాతాలున్నాయి. ఒకటి ఊపిరి ఖాతా, రెండోది కాలి ఖాతా. మీరు నూరు వాట్ల బలంతో పోతున్నారనుకోండి. 60 చుట్లతో పోయినా, 90 చుట్లతో పోయినా అదే స్పీడ్. కానీ 60 దగ్గర ఒక్కో తొక్కుకు పెట్టే బలం 90 దగ్గర పెట్టేదానికి ఒకటిన్నర రెట్లు. నెమ్మదిగా తొక్కితే ఊపిరి మిగులుతుంది, కండ మీద, మోకాలి మీద బరువు పడుతుంది. జోరుగా తొక్కితే కాలు మిగులుతుంది, ఊపిరి ఖర్చవుతుంది. రేసర్‌కు ఊపిరి ఖాతాలో బోలెడు నిల్వ ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి తీసి వాడతాడు. 1985లో కోస్ట్, వెల్చ్ అనే ఇద్దరు దీన్ని చక్కగా చూపించారు. నూరు వాట్ల పనికి అనువైన లయ 50 దగ్గర, మూడు వందల వాట్లకు 80 దగ్గర. పని పెరిగేకొద్దీ సరైన లయ పెరుగుతుంది.

అంటే మా జేజినాయన 52 తప్పు కాదు. ఆయన చేసే పనికి అది సరిగ్గా సరిపోయింది. మెర్క్స్ 104 కూడా తప్పు కాదు. నేనే తప్పు. ఎక్కువ బలం అడిగే స్పీడ్‌కు, తక్కువ బలానికి పనికొచ్చే లయ పెట్టుకున్నా. పైగా ఎత్తు రాగానే అది 38కి పడిపోయేది. అందుకే నా మాట ఏంటంటే, తొంభై మంత్రాన్ని నెత్తిన పెట్టుకోవద్దు. కొత్తగా ట్రైనింగ్ మొదలుపెట్టినవాళ్ళకు 70, 80 మధ్య ఎక్కడో ఒక అంకె దొరుకుతుంది. దొరికాక దాన్ని వదలకండి. స్పీడ్ ఎంతన్నా కానీ.

స్పీడ్ ఎంతన్నా కానీ అన్నానే, అది చెప్పినంత సులభం కాదు. ఆషాఢంలో మన దగ్గర పడమటి గాలి తెలుసు కదా. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు అంటే పడమటి దిక్కు, అంటే గాలికి ఎదురు. నేను 75 చుట్లు పట్టుకుని పోతే మామూలు రోజు గంటకు 22 వచ్చేది, ఆ రోజు 14కి పడుతుంది. కడప బండల లారీ పక్కనే పోతూ దుమ్ము కొడుతుంది. వెనకనుంచి ఎవడో కుర్రోడు బరువు గేరు మీద ఊగిపోతూ దాటిపోతాడు. ఆ క్షణంలో గేరు తగ్గించి, 75ను పట్టుకుని, వాణ్ణి పోనియ్యడమే ట్రైనింగ్. తిరుగు ప్రయాణంలో అదే గాలి వీపున తోస్తుంది, అప్పుడు గేరు పెంచాలి. చుట్లు మాత్రం అవే. వెలోసియో చెప్పింది ఇదే.

లెక్కపెట్టడానికి సెన్సర్ కొననక్కర్లేదు. కుడి మోకాలు పైకి వచ్చిన ప్రతిసారీ ఒకటి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 18 వస్తే 72, 19 వస్తే 76, 20 వస్తే 80. ట్రాఫిక్‌లో వద్దు, ఖాళీ రోడ్డు మీద చేయండి. ఇయర్‌ఫోన్లు కూడా వద్దు, నేను చేసిన తప్పు మీరు చేయకండి. మన రోడ్డు మీద లారీ హారన్ వినపడాలి. ఎత్తు కనపడగానే, ఎక్కడం మొదలవ్వకముందే గేరు తగ్గించండి. సగం ఎత్తులో, పెడల్ మీద బరువంతా వేసి మార్చితే చైన్ కరకరలాడుతుంది, ఒక్కోసారి పడిపోతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఒక మాట. 2002 నేషనల్ గేమ్స్ కోసం ఉస్మానియా యూనివర్సిటీలో సైకిల్ వెలోడ్రోమ్ కట్టారు. ఆ వాలు ట్రాక్‌ను ఒకసారి పోయి చూడండి. ఫ్రీవీల్ లేని సైకిల్ మీద, కాలు ఆపకుండా తిరిగే మనుషులను చూస్తే ఈ వీడియోలో నేను అరగంట చెప్పింది అర నిమిషంలో అర్థమవుతుంది.

నా మోకాలికి తగ్గడానికి మూడు నెలలు పట్టింది. పోయిన ఆదివారం మళ్ళీ పులివెందుల పోయా. పెన్నా దాటాను, ముద్దనూరు దాటాను, మెట్టల్లో గేరు 1-3కి దించేశా. 72 చుట్లు. స్పీడ్ గంటకు 12. స్క్రీన్‌షాట్ తీసేంత ఏమీ లేదు. పులివెందుల బస్టాండు పక్కన టీ తాగి, ఇంటికి ఫోన్ చేసి జేజినాయనకు ఇవ్వమన్నా. "ఎన్ని?" అన్నాడు. "డెబ్బై రెండు, జేజినాయనా. పైదాకా అదే" అన్నా. ఆయన కాసేపు ఆగి, "పాలు యాస్తే అంత తొక్కలేవులే" అన్నాడు.

వచ్చే వారం రెండు క్యాన్లు కట్టుకుని పోయి చూస్తా. పాలు కాదు, నీళ్ళు. ఆ వీడియో కూడా పెడతా. ఉంటా మరి.